అణుఫార్ములా లెక్క – ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ పరిచయమైన లెక్క ఒకటి కలదు. అంకెలు మారవచ్చును గాని దాని రూపం ఎక్కడైనా ఇంచుమించు ఇదే: “ఒక కర్బన పదార్థంలో నూటికి 40 పాళ్ళు కర్బనం, 6.67 పాళ్ళు ఉదజని, 53.33 పాళ్ళు ఆమ్లజని ఉన్నవి. దాని బాష్పసాంద్రత 30. ఆ పదార్థం అణుఫార్ములా కనుగొనుము.”

దీనికి జవాబు రాసే పద్ధతి కూడా విద్యార్థికి కంఠస్థమే. ఒక్కొక్క మూలకం పాళ్ళను దాని పరమాణుభారంతో భాగిస్తాడు. కర్బనానికి 3.33, ఉదజనికి 6.67, ఆమ్లజనికి 3.33 వస్తవి. వీటిని అన్నిటికన్న చిన్నదైన 3.33తో మళ్ళీ భాగిస్తే 1, 2, 1. కనుక అనుభావిక ఫార్ములా సిహెచ్₂ఓ. దాని భారం 30. బాష్పసాంద్రతను రెట్టింపు చేస్తే అణుభారం 60. అరవైలో ముప్పై రెండుసార్లు పోతుంది. కనుక అణుఫార్ములా సి₂హెచ్₄ఓ₂. అయిదారు పంక్తుల్లో పని ముగిసి, మార్కులన్నీ చేతికి వస్తవి.

ఇందులో కూడికలు, భాగహారాలు తప్పని నేను అనటం లేదు. అవి సరిగానే ఉన్నవి. నా ఫిర్యాదు వేరు. ఈ లెక్కలో రసాయనశాస్త్రజ్ఞుడు ఆగి ఆలోచించవలసిన తావులు కొన్ని ఉన్నవి. మన పుస్తకాలు సరిగ్గా ఆ తావులనే చదునుచేసి, విద్యార్థి కాలికి రాయి తగలకుండా దారి వేసినవి. తత్ఫలితంగా ఈ లెక్కను నూరుసార్లు చేసిన కుర్రవాడు కూడా ఒక పదార్థం ఫార్ములాను నిజంగా ఎట్లా కనుక్కుంటారో తెలియకుండానే పాఠశాల దాటిపోతున్నాడు. ఒక్కొక్క మెట్టే దిగి చూద్దాం.

మొదటి ప్రశ్న: ఈ 40, 6.67, 53.33 ఎక్కడినుంచి వచ్చినవి? పదార్థాన్ని ఎదుట పెట్టుకొని చూస్తే దాని ఒంటిమీద నూటికి ఇన్ని పాళ్ళని రాసి ఉండదు. దాన్ని తూచి, కాల్చి, కాలగా వచ్చినవాటిని తూచవలె. లావాజియే కాలంనుంచే ఈ ప్రయత్నాలు ఉన్నప్పటికీ, మామూలు ప్రయోగశాలలో నమ్మకంగా చేయదగిన పద్ధతిని 1831లో జర్మనీలో లీబిగ్ ప్రవేశపెట్టాడు. పదార్థాన్ని కాపర్ ఆక్సైడ్‌తో కలిపి గాజుగొట్టంలో ఎర్రగా కాల్చుతారు. అందులోని ఉదజని అంతా నీటి ఆవిరి అవుతుంది. కర్బనమంతా బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఈ రెండూ మొదట కాల్షియం క్లోరైడ్ నింపిన గొట్టంగుండా, తరవాత కాస్టిక్ పొటాష్ ద్రావణం ఉన్న అయిదు గాజుబుడ్ల పరికరంగుండా పోతవి. మొదటిది నీటిని పట్టుకుంటుంది, రెండవది బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది. రెంటినీ ముందూ వెనకా తూచితే ఏది ఎంత వచ్చినదీ తెలుస్తుంది. అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నంలో కనబడేది ఈ అయిదు బుడ్ల పరికరమే.

ఈ రెండింటిలో కాల్షియం క్లోరైడ్ గొట్టమే ముందు ఎందుకుండవలె? తారుమారు చేస్తే ఏమవుతుంది? పొటాష్ ద్రావణం బొగ్గుపులుసు వాయువుతోపాటు నీటి ఆవిరినీ కొంత తాగివేస్తుంది. అప్పుడు కర్బనం ఎక్కువగా, ఉదజని తక్కువగా లెక్కకు వస్తవి. ఈ చిన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల విద్యార్థికి 40, 6.67 అనే అంకెలు ఎట్లా పుట్టినవో తెలిసినట్లే. కాని ఈ ప్రశ్న అడిగే పుస్తకాలు చాలా అరుదు.

ఇప్పుడు తూకాలతోనే లెక్క మొదలుపెడదాం. 0.2145 గ్రాముల పదార్థాన్ని కాల్చగా 0.3131 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 0.1306 గ్రాముల నీరు వచ్చినవనుకుందాం. 44.01 భాగాల బొగ్గుపులుసు వాయువులో కర్బనం 12.01 భాగాలు. కనుక కర్బనం 0.0855 గ్రాములకు ఒక పిసరు తక్కువ, అంటే నూటికి 39.84 పాళ్ళు. 18.02 భాగాల నీటిలో ఉదజని 2.016 భాగాలు. ఆ లెక్కన ఉదజని నూటికి 6.81 పాళ్ళు. మరి ఆమ్లజని?

ఇక్కడ మన లెక్కల పుస్తకాలు దాచిపెట్టే మొదటి రహస్యం ఉన్నది. ఈ పద్ధతిలో ఆమ్లజనిని ఎవరూ తూచలేదు. 100లోనుంచి కర్బనాన్నీ ఉదజనినీ తీసివేయగా మిగిలిన 53.35ను ఆమ్లజని అన్నారు, అంతే. ఇంటిఖర్చులు రాసే వారు లెక్క తేలని డబ్బునంతా “ఇతరములు” అనే పద్దు కింద వేస్తారే, ఆమ్లజని పద్దు అటువంటిది. కర్బనం తూకంలో వచ్చిన తప్పూ, ఉదజని తూకంలో వచ్చిన తప్పూ రెండూ చివరికి దానిమీదే పడతవి. పదార్థంలో నత్రజనిగాని గంధకంగాని ఉండి, దాన్ని ముందుగా పరీక్షించకపోతే అదికూడా ఆమ్లజని పేరుతోనే చలామణీ అవుతుంది. 53.33 అనే అంకెను మిగతా రెండింటి సరసన సమాన హోదాతో అచ్చువేసిన పుస్తకం ఈ తేడాను చెరిపివేస్తున్నది. ఆ అంకె ఇవ్వకుండా “మిగిలినది ఆమ్లజని” అని రాసిన పుస్తకాలూ లేకపోలేదు. అవి ఎంతో నయం.

మన తూకాలను పరమాణుభారాలతో భాగిస్తే కర్బనం 3.317, ఉదజని 6.756, ఆమ్లజని 3.334. చిన్నదానితో భాగిస్తే 1, 2.037, 1.005. ఇవి పాఠ్యపుస్తకంలోలాగా 1, 2, 1 కావు. అయినా మనం వీటిని 1, 2, 1 అనే తీసుకుంటాం. ఏ హక్కుతో తీసుకుంటున్నాం? “దగ్గరగా ఉన్నది కదా” అని విద్యార్థి అంటాడు. ఎంత దగ్గరైతే దగ్గర? ఈ లెక్కకు ఆయువుపట్టు ఇదే.

దీన్ని మన ఇంట్లో ఉన్న పదార్థంతో పరీక్షించవచ్చును. చెరకు పంచదారలో నూటికి 42.11 పాళ్ళు కర్బనం, 6.48 పాళ్ళు ఉదజని, 51.41 పాళ్ళు ఆమ్లజని. పరమాణుభారాలతో భాగిస్తే 3.506, 6.429, 3.213. చిన్నదానితో భాగిస్తే 1.09, 2.00, 1.00. ఈ 1.09ని చూడగానే విద్యార్థి చేయి ఆగదు, దాన్ని 1 చేసివేస్తాడు. ఫార్ములా మళ్ళీ సిహెచ్₂ఓ! చెరకు పంచదార, సిర్కాలోని ఎసిటిక్ ఆమ్లం, ద్రాక్ష చక్కెర అని పిలిచే గ్లూకోజ్ ఒకే అనుభావిక ఫార్ములా గలవని తేలుతుంది. నిజానికి 1.09 అంటే పన్నెండులో పదకొండో వంతు. పంచదార ఫార్ములా సి₁₂హెచ్₂₂ఓ₁₁.

ఆ 2.037ని 2 చేయటం ఒప్పు, ఈ 1.09ని 1 చేయటం తప్పు. ఎందుకు? రెండూ పూర్ణాంకానికి దగ్గరగానే ఉన్నవి. వాటిని చూస్తూ కూర్చుంటే తేడా తెలియదు. తేడా తెలియాలంటే వెనక్కు నడవవలె. అనుకున్న ఫార్ములానుంచి పాళ్ళు తిరిగి లెక్కగట్టి, తూకంలో వచ్చిన పాళ్ళతో పోల్చవలె. సిహెచ్₂ఓ అయితే కర్బనం 40.00, ఉదజని 6.71 ఉండవలె. మన మొదటి పదార్థంలో 39.84, 6.81 వచ్చినవి. తేడాలు 0.16, 0.10. కొత్త పదార్థాన్ని ప్రకటించే రసాయనశాస్త్రజ్ఞులు ఇటువంటి పోలికలో 0.4 వరకు తేడాను ఆచారంగా అంగీకరిస్తారు. కనుక మొదటి పదార్థం సిహెచ్₂ఓ అనటానికి అభ్యంతరం లేదు. పంచదార విషయంలో కర్బనం 42.11, ఉండవలసినది 40.00. తేడా 2.11. ఇంత తప్పు చేసే త్రాసు ఉంటే దాన్ని ప్రయోగశాలనుంచి తీసివేయవలె. త్రాసు మంచిదైతే ఫార్ములానే తీసివేయవలె.

మన పాఠ్యపుస్తకాల్లోని సాధనల్లో ఈ తిరుగుప్రయాణం సాధారణంగా కనబడదు. ఫార్ములా రాగానే కలం మూసివేస్తారు. నా దృష్టిలో అక్కడికి లెక్క సగమే అయినది. పరిశోధనశాలలో చేసే పని సరిగ్గా దీనికి ఎదురు దిక్కున సాగుతుంది: ఒక ఫార్ములాను ఊహించి, దానికి రావలసిన పాళ్ళను, వచ్చిన పాళ్ళను పక్కపక్కన అచ్చువేసి, తీర్పును చదువరికి వదులుతారు.

పంచదార సంగతి ఇంకొకటి చెప్పవలసి ఉన్నది. తిరుగుప్రయాణం కూడా ఒక్కోసారి చాలదు. సి₁₂హెచ్₂₂ఓ₁₁కు బదులు సి₁₁హెచ్₂₀ఓ₁₀ అని ఎవరైనా అంటే, దానిలో కర్బనం 42.31 పాళ్ళు ఉండవలె. 42.11కు దీనికి తేడా 0.20 మాత్రమే. సి₁₃హెచ్₂₄ఓ₁₂ అయితే 41.94. తేడా 0.17. రెండూ అంగీకరించదగిన హద్దులోనే ఉన్నవి. దహన పరీక్ష ఈ ముగ్గురిలో ఎవరు అసలు వారో తేల్చలేదు. అణుభారం ఒక్కటే తేల్చగలదు. మొదటిదాని భారం 342, రెండవది 312, మూడవది 372. కనుక అణుభారాన్ని కొలిచేటప్పుడు 15కు మించి తప్పు రాకుండా చూసుకోవలె. సిహెచ్₂ఓ కుటుంబంలో అంత జాగ్రత్త అక్కరలేదు. ఏ కొలత ఎంత ఖచ్చితంగా ఉండవలెననేది ఏ ప్రశ్నకు జవాబు కావాలో దానిమీద ఆధారపడుతుందని విద్యార్థికి చెప్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఇక పరమాణుభారాల పట్టిక. లెక్కలో దాన్ని ఎవరూ ప్రశ్నించరు. పుస్తకం వెనుక అట్టమీద ఉన్నది, చూసి భాగించటమే. కాని అది ఎప్పుడూ అట్టమీద లేదు. 1808లో డాల్టన్ నీటి అణువులో ఉదజని ఒకటి, ఆమ్లజని ఒకటి అనుకున్నాడు. అందుకు సాక్ష్యమేమీ లేదు. రెండు మూలకాల సంయోగం ఒక్కటే తెలిసినప్పుడు అన్నిటికన్న సాదా అయిన దాన్నే తీసుకుందామన్నాడు. ఆ లెక్కన, అప్పటి తూకాలతో, ఆమ్లజని పరమాణుభారం 7 అయినది. తూకాలు మెరుగుపడిన తరవాత 8 అయినది. కర్బనానికి 6, ఆమ్లజనికి 8 వాడే అలవాటు పందొమ్మిదో శతాబ్ది మధ్య వరకు చాలామంది రసాయనశాస్త్రజ్ఞులకు ఉండేది.

ఆ పట్టికతో మన మొదటి లెక్కనే చేసి చూడండి. 40ని 6తో భాగిస్తే 6.67. ఉదజని 6.67ను 1తో భాగిస్తే 6.67. ఆమ్లజని 53.33ను 8తో భాగిస్తే 6.67. నిష్పత్తి 1, 1, 1! అనుభావిక ఫార్ములా సిహెచ్ఓ. భారం 15. అణుభారం 60 కనుక ఎసిటిక్ ఆమ్లం సి₄హెచ్₄ఓ₄. ఆ రోజుల్లో ఎసిటిక్ ఆమ్లాన్ని నిజంగా ఇట్లానే రాసేవారు. తూకం అదే, భాగహారం అంతే శుద్ధం, జవాబు వేరు. పూర్ణాంకాలు ఎంత అందంగా వచ్చినా ఫార్ములా ఒప్పని దానివల్ల రుజువు కాదని తెలుసుకోవటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ గందరగోళం ఎంతవరకు పోయినదంటే, 1861లో కెకూలే తన కర్బన రసాయన గ్రంథంలో ఎసిటిక్ ఆమ్లానికి వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను ఒకచోట చేర్చి చూపించాడు. అవన్నీ పరమాణువుల లెక్కలో వచ్చిన తేడాలే కావు, వాటి అమరికను ఎవరికి తోచినట్లు వారు రాయటంవల్ల వచ్చినవి ఎక్కువ. అయినా ఒక్క పులుపుకు పంతొమ్మిది పేర్లు! దీన్ని చక్కబరచటానికే అంతకు ముందటి సంవత్సరం, 1860 సెప్టెంబరులో, కార్ల్స్‌రూహె పట్టణంలో రసాయనశాస్త్రజ్ఞుల మహాసభ జరిగినది. కెకూలే దాని నిర్వాహకులలో ఒకడు. సభలో తీర్పు ఏమీ రాలేదు. కాని ఇటలీవాడైన కన్నిజారో 1858లో రాసిన చిన్న పుస్తకం ప్రతులను సభ ముగిసే వేళ పంచిపెట్టారు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనంలో సమాన ఘనపరిమాణాల వాయువులలో సమాన సంఖ్యలో అణువులు ఉంటవని అవొగాడ్రో 1811లో చెప్పి, ఎవరూ పట్టించుకోక మూలపడిన మాటను పైకితీసి, బాష్పసాంద్రతలనుంచి అణుభారాలను, వాటినుంచి పరమాణుభారాలను వరసగా ఎట్లా రాబట్టవచ్చునో ఆయన చూపాడు. ప్రతులు ఇంటికి తీసుకుపోయి చదివినవారిలో లోథార్ మేయర్ ఒకడు. మన లెక్కలో “బాష్పసాంద్రత 30” అనే చిన్న వాక్యం వెనుక ఈ యాభై ఏళ్ళ కథ ఉన్నది.

దురదృష్టవశాత్తు మన పుస్తకాలు అన్నిటికన్న ఎక్కువ అజాగ్రత్తగా ఉన్నది కూడా ఆ వాక్యం దగ్గరే. ఎసిటిక్ ఆమ్లం 118 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. దాన్ని 125 డిగ్రీల వద్ద బాష్పంగా మార్చి, మామూలు వాతావరణ పీడనంలో సాంద్రతను నిజంగా కొలిస్తే 30 రాదు. దాదాపు 46 వస్తుంది. పుస్తకంలోని సూత్రం ప్రకారం అణుభారం 92. దాన్ని 30తో భాగిస్తే 3.07. విద్యార్థి దాన్ని 3 చేసి, అణుఫార్ములా సి₃హెచ్₆ఓ₃ అని రాస్తాడు. అది పెరుగులో పుట్టే లాక్టిక్ ఆమ్లం ఫార్ములా! ప్రయోగం నిజాయితీగా చేసిన కుర్రవాడికి సున్న, పుస్తకం చూసి రాసినవాడికి పూర్తి మార్కులు.

ఇందులో అవొగాడ్రో తప్పేమీ లేదు. ఎసిటిక్ ఆమ్లపు అణువులు బాష్పంలో రెండేసి జతలుగా అంటుకొని ఉంటవి. 125 డిగ్రీల వద్ద జంటలు కొన్ని, ఒంటివి కొన్ని. అందుచేత సగటు భారం 60కీ 120కీ నడుమ తేలుతుంది. వేడిచేసినకొద్దీ జంటలు విడిపోతవి. 250 డిగ్రీలు దాటిన తరవాత సాంద్రత 30 దగ్గరకు దిగుతుంది. బెంజీనులో కరిగించి కొలిచినా ఇదే తంతు, అణుభారం 120 వైపుకు పోతుంది. సాంద్రత ఉష్ణోగ్రతతోపాటు మారుతున్నదంటే అణువులు కూడుతున్నవో విడిపోతున్నవో అని అనుమానించవలె. ఇంత రసవత్తరమైన విషయాన్ని “బాష్పసాంద్రత 30” అని అచ్చువేసి పూడ్చిపెట్టారు.

గ్లూకోజ్ విషయంలో చేసిన పని ఇంకా వింతగా ఉన్నది. “బాష్పసాంద్రత 90” అని ఇచ్చి గ్లూకోజ్ అణుఫార్ములా కనుక్కోమన్న లెక్కలు నేను ఒకటికంటె ఎక్కువ చూచాను. గ్లూకోజ్‌ను బాష్పం చేసినవారెవరు? వంటింట్లో చక్కెరను బాణలిలో వేసి కాచిన ఏ ఇల్లాలినైనా అడగండి. కరుగుతుంది, ఎర్రబడుతుంది, మాడి బొగ్గవుతుంది. మామూలు పీడనంలో అది ఆవిరయ్యే లోపలే చెడిపోతుంది. లెక్క తయారుచేసినవారు జవాబునుంచి వెనక్కు నడిచి 180లో సగం 90 అని రాశారు తప్ప, ఆ కొలత ఎట్లా సాధ్యమో ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఇటువంటి పదార్థాలకు వేరే దారి ఉన్నది. 1880 దశకంలో ఫ్రాన్సులో రౌల్ దాన్ని చూపాడు. పదార్థాన్ని నీటిలో కరిగిస్తే ఆ నీరు సున్న డిగ్రీల దగ్గర కాక ఇంకా కిందికి పోయి గడ్డకడుతుంది. కిలోగ్రాము నీటిలో ఒక గ్రాము-అణుభారం పదార్థం ఉంటే ఈ తగ్గుదల 1.86 డిగ్రీలు. 9 గ్రాముల గ్లూకోజ్‌ను 250 గ్రాముల నీటిలో కరిగిస్తే, అంటే కిలోకు 36 గ్రాముల చొప్పున, ఘనీభవన స్థానం 0.36 డిగ్రీలు తగ్గినదనుకుందాం. ఉష్ణమాపకంలో 0.01 డిగ్రీ అటూ ఇటూ కావచ్చును. 36ను 1.86తో హెచ్చించి 0.36తో భాగిస్తే అణుభారం 186. తప్పును లెక్కలోకి తీసుకుంటే 181కీ 191కీ నడుమ. 30తో భాగిస్తే 6.03కీ 6.38కీ నడుమ. ఇందులో పూర్ణాంకమేదీ లేదు గాని పక్కనే ఉన్నది 6. ఏడు కావాలంటే అణుభారం 210 కావలె, తగ్గుదల 0.32 కావలె. మన ఉష్ణమాపకం అంత అబద్ధం చెప్పదు. కనుక 6, ఫార్ములా సి₆హెచ్₁₂ఓ₆. 6.2ను 6 చేసినందుకు ఇక్కడ మన దగ్గర కారణం ఉన్నది. పంచదార 1.09ని 1 చేసినప్పుడు మన దగ్గర లేనిది ఆ కారణమే.

నేటి పరిశోధనశాలల్లో ఈ పనులు యంత్రాలు చేస్తవి. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతో దహన విశ్లేషణ చేయటం ప్రెగ్ల్ నేర్పాడు. అందుకే 1923లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. ద్రవ్యరాశి వర్ణపటమాపకం గ్లూకోజ్ అణుభారాన్ని 180.0634 అని నాలుగు దశాంశస్థానాలవరకు చెప్పగలదు. అయినా దహన విశ్లేషణలో ఆమ్లజనిని మిగులుగా లెక్కించే వాడుక ఇంకా ఉన్నది. వచ్చిన పాళ్ళనూ రావలసిన పాళ్ళనూ పక్కపక్కన అచ్చువేసే ఆచారమూ పోలేదు.

ఉపాధ్యాయ మిత్రులు నాకు చెప్పబోయే జవాబు నాకు తెలుసు. “పరీక్షలో ఈ లెక్కకు రెండో మూడో మార్కులు. అంకెలు కుదరకపోతే పిల్లలు బెదురుతారు. మా పాఠశాలలో దహన కొలిమి లేదు.” మొదటి రెండు మాటల్లో న్యాయం లేకపోలేదు. తొలిసారి నేర్పేటప్పుడు చక్కగా కుదిరే అంకెలే ఇవ్వవలె. ఈత నేర్పేటప్పుడు మొదటిరోజే వరదలోకి తోయం. కాని పదో లెక్కకూ, ఇరవయ్యో లెక్కకూ అదే మోకాటిలోతు నీరయితే ఈత ఎప్పుడు వస్తుంది?

కొలిమి లేదన్న మాటకు మాత్రం సమాధానం ఉన్నది. మైలుతుత్తం ఏ పాఠశాలలోనైనా ఉంటుంది. దాని నీలిపలుకుల్లో ఒక కాపర్ సల్ఫేటుకు ఎన్ని నీటి అణువులు ఉన్నవో కనుక్కోవటానికి ఒక మూస, ఒక దీపం, ఒక మంచి త్రాసు చాలు. వేడిచేస్తే నీరు పోయి తెల్లని పొడి మిగులుతుంది. సరిగా చేస్తే తగ్గుదల నూటికి 36.1 పాళ్ళు, నీటి అణువులు అయిదు. కాని తరగతిలో అందరికీ అయిదు రాదు, అక్కడే పాఠం ఉన్నది. 110 డిగ్రీల దగ్గర ఆపివేసిన జట్టుకు నాలుగు నీటి అణువులే పోయి, అయిదవది మిగిలిపోతుంది. అది 200 డిగ్రీలు దాటితేగాని వదలదు. ఆ జట్టుకు తగ్గుదల 28.9 పాళ్ళు. మిగిలినదంతా నీరులేని కాపర్ సల్ఫేటే అనుకొని లెక్కగడితే నీటి అణువులు 3.6 అని వస్తుంది. వారు దాన్ని 4 చేసి తృప్తిపడితే, నిజంగా పోయిన నాలుగుతో కాకతాళీయంగా సరిపోయి తప్పు దొరకకుండా పోతుంది! వెనక్కు నడిపించండి. నాలుగే అయితే తగ్గుదల 31.1 ఉండవలె, 28.9 కాదు. ఈ తేడా త్రాసుది కాదు. కాబట్టి మూసలో మిగిలినది మనం అనుకున్న పదార్థం కాదు.

మంట ఎక్కువపెట్టిన ఇంకొక జట్టుకు అయిదుకు మించి వస్తుంది. మూస లోపల చూడమనండి, నల్లని మచ్చలు కనబడతవి. సల్ఫేటే విరిగి కాపర్ ఆక్సైడ్ అవుతున్నదన్న మాట. అప్పుడు పైకి పోయేది నీరొక్కటే కాదు, ఊపిరికి హానిచేసే వాయువులుకూడా. కనుక ఆ మూసను గాలి తగిలేచోట ఉంచవలె. పక్కపక్కన 3.6, 5.0, 5.4 వచ్చిన మూడు జట్లను కూర్చోబెట్టి, ఎవరి మూసలో ఏం జరిగినదో వారిచేతనే చెప్పించిన తరగతికి పూర్ణాంకాల మాట వేరే చెప్పనక్కరలేదు.

పుస్తకంలో ఇట్టి లెక్క ఎట్లా ఉండవచ్చునో చూపటానికి ఒకటి ఇస్తున్నాను. పదార్థం పేరు చెప్పటం లేదు. పాళ్ళూ చెప్పటం లేదు.

పుల్లని రుచిగల తెల్లని పలుకులను ముందుగా మెల్లగా వేడిచేసి, ఇక బరువు తగ్గనంతవరకు ఆరబెట్టారు. అందులో నత్రజని, గంధకం లేవని పరీక్షించి తెలుసుకున్నారు. 0.2500 గ్రాములను కాల్చగా 0.3427 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 0.0949 గ్రాముల నీరు వచ్చినవి. వేరుగా 0.3200 గ్రాములను నీటిలో కరిగించి తటస్థీకరించటానికి పదోవంతు నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 50.0 ఘన సెంటీమీటర్లు పట్టినది. ఈ రెండో తూకం అణుభారాన్ని నేరుగా చెప్పదు, అణుభారం ఏ సంఖ్యకు గుణిజమో మాత్రమే చెబుతుంది. అణుఫార్ములా ఏమిటి? మీ ఫార్ములా ప్రకారం రావలసిన కర్బనం, ఉదజని పాళ్ళెన్ని, తూకంలో వచ్చినవెన్ని? పలుకులను ఆరబెట్టకుండానే కాల్చి ఉంటే ఏ అంకె ఏ వైపుకు జరిగి ఉండేది?